జీతంతో పాటు

తెలుగు ఇళ్ళల్లో ఉద్యోగం గురించి అడిగే ప్రశ్నలు చాలాకాలంగా రెండే: జీతమెంత, పర్మనెంటేనా. ఈ రెండూ చిన్న ప్రశ్నలు కావు. వానను నమ్ముకున్న సాగు నుంచో, షావుకారు ఇచ్చే మజూరీ నుంచో ఒక తరం కిందటే బయటపడ్డ కుటుంబానికి నెల మొదట్లో ఖాతాలో పడే జీతం ఇచ్చే ధైర్యం ఇంతా అంతా కాదు. అయితే కొన్నేళ్ళుగా మూడో ప్రశ్న ఒకటి గట్టిగా వినబడుతోంది. మంచి ప్యాకేజీ వచ్చి, ఫ్లాటు కొనుక్కుని, ముప్పై దాటినవాళ్ళ నోట ఎక్కువగా వస్తుంది: రోజంతా నేను చేస్తున్న ఈ పని వల్ల ఎవరికేం ఒరుగుతోంది? ఇదే ప్రశ్నను అటు చివర నుంచి ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు అడుగుతున్నారు: ఊరికి ఇంత పనికొచ్చే పని చేస్తుంటే నా ఇల్లెందుకు గడవడం లేదు?

జీతమున్నవాళ్ళ ప్రశ్నకు జవాబు వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో వెతుకుతారు. ఆశా, అంగన్‌వాడీల ప్రశ్నను ధర్నా చౌక్‌లో వదిలేస్తారు. నా దృష్టిలో ఈ రెండూ ఒకే ప్రశ్న. విడదీసి చూసినంతకాలం ఏదీ తేలదు. దాదాపు వందేళ్ళుగా సమాజ శాస్త్రవేత్తలు, మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ విషయం మీద చేసిన పనిని, మన దగ్గరి అనుభవాలతో కలిపి ఒకచోట చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆలోచన మాత్రం వందేళ్ళకన్నా చాలా పాతది. బౌద్ధుల అష్టాంగ మార్గంలో సమ్యక్ ఆజీవం ఒకటి. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం, ఈ ఐదింటితో వ్యాపారం చేయవద్దని బుద్ధుడు గృహస్థులకు చెప్పినట్టు అంగుత్తర నికాయంలో ఉంది. అక్కడ కొలమానం పని చేసేవాడి ఆనందం కాదు, ఎదుటివాడికి జరిగే హాని. పన్నెండో శతాబ్దంలో కల్యాణంలో బసవేశ్వరుడి చుట్టూ చేరిన శరణులు మరో అడుగు ముందుకేసి, చేతిపనే పూజ అన్నారు. బట్టలుతికే మడివాలు మాచయ్య వంటి భక్తుల కథల్ని పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో తెలుగువాళ్ళకు చెప్పాడు. ఏ పనీ తక్కువది కాదన్న ఆ మాట గొప్పది. దాన్నే తిప్పి, నీ పని నీకు దైవమిచ్చింది, అందులోనే ఉండు అని చెప్పడానికి వాడుకోవడమూ జరిగింది.

ఈ మోసాన్ని అందరికన్నా స్పష్టంగా పట్టుకున్నవాడు అంబేద్కర్. లాహోర్‌లో ఒక సభ కోసం రాసి, అక్కడ చదవనివ్వకపోతే 1936లో సొంతంగా అచ్చువేసిన ‘కులనిర్మూలన’ ప్రసంగంలో, కులం పనిని విభజించడంతో ఆగక పనిచేసేవాళ్ళనే విభజించిందని ఆయన వాదించాడు. ఆ వాదంలో అంతగా చర్చకు రాని భాగం మరొకటుంది. పుట్టుకతో అంటగట్టిన పనిలో మనిషికి మనసు ఉండదు, బుద్ధీ ఉండదు. అవి రెండూ లేనిచోట సామర్థ్యం ఎక్కడి నుంచి వస్తుంది అని అడిగాడు. అర్థవంతమైన పని గురించి పాశ్చాత్య దేశాల్లో ఆ తర్వాత వచ్చిన శాస్త్రమంతా చదివినా, ఇంత సూటిగా వేసిన ప్రశ్న నాకు ఎక్కువగా కనిపించలేదు. పనిని ఎంచుకునే హక్కు, వదిలేసే హక్కు లేనిచోట అర్థం గురించి మాట్లాడటం అన్యాయం.

శాస్త్రం సంగతికొస్తే, మొదట గట్టిగా తేలిన విషయం పని లేనప్పుడు ఏమవుతుందన్నది. ఆస్ట్రియాలో మారీన్‌తాల్ అనే చిన్న ఊరు మొత్తం ఒక్క బట్టల మిల్లు మీద బతికేది. ఆర్థిక మాంద్యంలో మిల్లు మూతపడింది. మేరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అక్కడికి వెళ్ళి ఊరిని అధ్యయనం చేసి 1933లో పుస్తకం వేశారు. చేతినిండా తీరిక దొరికితే జనం చదువుకుంటారు, సంఘాల్లో తిరుగుతారు అనుకుంటాం. జరిగింది అందుకు పూర్తిగా వ్యతిరేకం. గ్రంథాలయం రుసుము తీసేసినా పుస్తకాలు తీసుకెళ్ళేవాళ్ళు తగ్గిపోయారు. వీధిలో మగవాళ్ళు నడిచే వేగం కూడా తగ్గింది. జీతం కోసమే చేస్తున్నామనుకున్న పని రోజుకో ఆకారం ఇస్తోంది, ఇంటి బయట మనుషుల్ని ఇస్తోంది, పదిమందితో కలిసి ఏదో సాధిస్తున్నామన్న భావన ఇస్తోంది, ఊళ్ళో ఒక స్థానం ఇస్తోంది. యహోదా ఈ ఆలోచనను తర్వాతి దశాబ్దాల్లో సిద్ధాంతంగా తీర్చిదిద్దింది. పని ఎంత నీరసంగా ఉన్నా, అది కూడా లేకపోవడం అంతకన్నా దారుణమని చూపించిన అధ్యయనమిది. ఉద్యోగం మానేసి మనసుకు నచ్చింది చెయ్యమని తేలిగ్గా సలహాలిచ్చేవాళ్ళు ముందు మారీన్‌తాల్ గురించి చదవాలి.

ఆ తర్వాతి ప్రశ్న, ఏ పనిలో ఏముంటే అర్థం ఉన్నట్టు అనిపిస్తుంది. దీనికి ఇప్పటికీ పనికొచ్చే జవాబు 1970ల నడుమ రిచర్డ్ హాక్‌మన్, గ్రెగ్ ఓల్డ్‌హామ్ ఇచ్చారు. వాళ్ళు పనిలో ఐదు లక్షణాలు చూడమన్నారు. రకరకాల నైపుణ్యాలు వాడే వీలుందా? మొదటి నుంచి చివరిదాకా ఒక పూర్తి వస్తువు మన చేతుల్లో తయారవుతుందా? దాని వల్ల వేరేవాళ్ళ బతుకు మారుతుందా? ఎలా చెయ్యాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ ఉందా? బాగా చేశామో లేదో పనిలోనే తెలుస్తుందా?

ఈ ఐదింటినీ పట్టుకుని పోచంపల్లి మగ్గం దగ్గరికీ, హైదరాబాదు హైటెక్ సిటీలో ఒక సపోర్ట్ ప్రాజెక్టులోకీ వెళ్ళి చూడండి. చిటికి కట్టి, రంగులద్ది, పడుగు సరిచేసి, పేక నేసి చీరను మగ్గం మీంచి కోసి తీసేదాకా అంతా ఆ ఇంట్లోనే జరుగుతుంది. లెక్క తప్పితే బుటా చెదిరిపోతుంది, కంటికి వెంటనే తెలుస్తుంది. మొదటి, రెండో, ఐదో లక్షణాల్లో చేనేతను మించే పని అరుదు. సపోర్ట్ ప్రాజెక్టులో ఉన్న ఇంజనీరు ఎక్కడో అమెరికాలో ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే పాత సాఫ్ట్‌వేర్‌లో ఒక మూల వచ్చే ఎర్రర్లకు టికెట్లు క్లోజ్ చేస్తాడు. ఆ సాఫ్ట్‌వేర్ మొత్తం ఎలా పనిచేస్తుందో అతనికి తెలియకపోవచ్చు. క్లెయిము వచ్చిన రోగి ఎవరో అసలే తెలియదు. ప్రాజెక్టు నుంచి రిలీజైతే బెంచి మీద ఎన్నాళ్ళుంటానోనన్న బెంగ ఒకటి పైన. కానీ 2019-20 నాటి నాలుగో జాతీయ చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత కుటుంబాల్లో దాదాపు మూడింట రెండు వంతుల ఇళ్ళకు నెల ఆదాయం 5,000 రూపాయల లోపే. అర్థం దండిగా ఉన్నచోట అన్నం లేదు, అన్నం ఉన్నచోట అర్థం కనబడటం లేదు. నేతపని చేసే ఇంటి పిల్లలు ఇంజనీరింగ్ వైపు పరిగెత్తడంలో తప్పేమీ లేదు. వాళ్ళను ఆ రెంటిలో ఒకటే ఎంచుకోమని నిలబెట్టిన ఏర్పాటులోనే తప్పుంది.

చేనేతను మరీ ఆకాశానికెత్తడమూ సరికాదు. మాస్టర్ వీవర్ కింద మజూరీకి నేసేవాడికి డిజైను మీద మాట చెల్లదు. నాలుగో లక్షణం అక్కడే పోతుంది. ఇంట్లో ఆడవాళ్ళు చేసే పనికైతే పేరు కూడా ఉండదు. ఆసు పోయడమే చూడండి. ఒక్కో చీరకు దారాన్ని కొయ్యల చుట్టూ పైకీ కిందికీ సుమారు 9,000 సార్లు చేత్తో తిప్పాలి. భుజాలు పోతాయి, కళ్ళు పోతాయి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి పడే ఆ బాధ చూడలేక ఏళ్ళ తరబడి ప్రయత్నించి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ కథను పట్టుదలకు ఉదాహరణగా చెబుతుంటారు. నేను ఇంకోరకంగా చూస్తాను. ఆయన చేనేతలో ఏది నైపుణ్యమో, ఏది ఒట్టి హింసో వేరుచేశాడు. హింసను యంత్రానికి అప్పగించి, నైపుణ్యాన్ని మనిషి దగ్గరే ఉంచాడు. కృత్రిమ మేధ గురించి ఇప్పుడు జరుగుతున్న చర్చకు ఇంతకన్నా మంచి ప్రమాణం నాకు దొరకలేదు. ఎందుకంటే చాలా ఆఫీసుల్లో దీనికి వ్యతిరేకంగా జరుగుతోంది: ఆలోచించి రాసే భాగం యంత్రానికి పోయి, దాని తప్పులు ఏరే చాకిరీ మనిషికి మిగులుతోంది.

పనిని ఎలా ఏర్పాటు చేస్తామన్న దాని మీద ఎంత ఆధారపడి ఉందో చూపించిన తొలి ప్రయోగాల్లో ఒకటి మన దేశంలోనే జరిగింది. 1950ల మొదట్లో అహ్మదాబాద్ కాలికో మిల్లులో ఆటోమేటిక్ మగ్గాలు పెట్టారు. యంత్రాలు కొత్తవైనా ఉత్పత్తి పెరగలేదు. లండన్ టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ.కె. రైస్ చూస్తే, పనిని ముక్కలు ముక్కలు చేసి ఒక్కో ముక్క ఒక్కొక్కరికి అప్పగించారు; ఎవరు ఎవరితో కలిసి పనిచేస్తున్నారో వాళ్ళకే తెలియదు. కొన్ని మగ్గాలను ఒక జట్టుకు అప్పగించి, లోపల పనులెలా పంచుకోవాలో మీరే చూసుకోండని వదిలారు. కార్మికులే ఆ జట్లను కూర్చుకున్నారు. ఉత్పత్తి పెరిగింది, చెడిపోయే గుడ్డ తగ్గింది. అవే యంత్రాలు, అదే మిల్లు.

ఇక్కడి నుంచి పరిశోధన మెల్లగా మిల్లును వదిలి మనిషి మనసులోకి వెళ్ళింది. 1997లో ఏమీ రెజ్‌నెస్కీ, మరో ముగ్గురు కలిసి రాసిన పత్రం ఇందులో మైలురాయి. జనం తమ పనిని మూడు రకాలుగా చూస్తారని వాళ్ళు గమనించారు: పొట్టకూటి కోసం చేసేది, పైకెదగడానికి మెట్టు, మనసా వాచా తనదనుకున్న పని. ఆశ్చర్యమేమిటంటే, ఒకే రకం ఉద్యోగంలో ఉన్న 24 మంది ఆఫీసు సహాయకులు కూడా ఈ మూడింటి మధ్య దాదాపు సమానంగా చీలిపోయారు. తర్వాత 2001లో ఆవిడే జేన్ డటన్‌తో కలిసి రాసిన పత్రంలో ఆసుపత్రి పారిశుధ్య సిబ్బంది గురించి వివరించారు. వాళ్ళల్లో కొందరు ఉద్యోగ పత్రంలో లేని పనులు తమంతట తాము చేసేవారు; రోగులతో మాట్లాడేవారు, దారి తప్పిన బంధువులను వార్డుదాకా తీసుకెళ్ళేవారు. తాము రోగి కోలుకోవడంలో భాగమని అనుకునేవారు.

ఈ అధ్యయనాలను యాజమాన్యాలు చాలా ఇష్టపడ్డాయి. పని ఏదైనా, అర్థం మన చూపులోనే ఉందని చెప్పడానికి వీలిచ్చాయి కదా. ఆ చూపు నిజమే, ఆ సిబ్బంది గౌరవమూ నిజమే. కానీ ఇదే మాట మ్యాన్‌హోల్‌లోకి దిగే మనిషి దగ్గర అనగలమా? ఊరికి అంతకన్నా అవసరమైన పని లేదు. కోలారు బంగారు గనుల్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఆ పని చేసేవాళ్ళ మధ్యే పెరిగాడు. ఆ పనిని గౌరవించమని ఆయన అడగలేదు, ఆపమని అడిగాడు. ఆయన సంస్థ సఫాయీ కర్మచారీ ఆందోళన్ ఏళ్ళ తరబడి నడిపిన వ్యాజ్యంలో 2014లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. మురుగుకాల్వల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల పరిహారం ఇవ్వాలంది. 2023లో మరో కేసులో దాన్ని 30 లక్షలు చేసింది. ఆ పనిని నిషేధించిన 2013 చట్టం ఉన్నా చావులు ఆగలేదు. పని లోకానికి ఉపయోగపడటం, ఆ పని చేసేవాడి బతుకు అర్థవంతంగా ఉండటం ఒకటి కాదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

చూపు మారాలంటే ఎదురుగా చూడటానికి ఏదైనా ఉండాలని ఆడమ్ గ్రాంట్ ప్రయోగం చెబుతుంది. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం కోసం పూర్వ విద్యార్థులకు ఫోన్లు చేసి విరాళాలు అడిగే కాల్ సెంటర్ అది. విసుగొచ్చే పని, ఎక్కువమంది విదిలించుకునే పని. ఆ డబ్బుతో స్కాలర్‌షిప్ పొందిన ఒక విద్యార్థిని తీసుకొచ్చి, కొద్ది నిమిషాలు వాళ్ళతో మాట్లాడించారు. నెల తర్వాత చూస్తే ఆ బృందం ఫోను మీద గడిపే సమయం రెండింతలు దాటింది, తెచ్చే డబ్బూ అంతకుమించి పెరిగింది. 2007లో అచ్చయిన ఈ ఫలితం తర్వాత చాలాసార్లు చర్చకు వచ్చింది. ఇందులో ఉపదేశం లేదు, గోడ మీద నినాదం లేదు. పని అవతలి కొసన ఉన్న మనిషి కనబడ్డాడు, అంతే. మన ఐటీ ఉద్యోగాల్లో చాలావాటికి లేనిది సరిగ్గా ఇదే. పన్నెండు గంటల తేడా ఉన్న దేశంలో, మూడు కాంట్రాక్టుల అవతల ఉన్నాడు ఆ మనిషి.

2016లో కేథరిన్ బెయిలీ, ఏడ్రియన్ మాడెన్ బ్రిటన్‌లో పది రకాల వృత్తుల్లోని 135 మందితో మాట్లాడి రాసిన వ్యాసం నాకు ఈ మొత్తం సాహిత్యంలో అన్నిటికన్నా నమ్మకంగా అనిపిస్తుంది. అర్థం రోజూ ఉండే స్థితి కాదని, అప్పుడప్పుడు తగిలే అనుభవమని వాళ్ళు గుర్తించారు. చాలాసార్లు అది సంతోషంగా కూడా ఉండదు. చనిపోతున్న రోగి పక్కన గడిపిన రాత్రి గురించి నర్సు చెప్పేది అలాంటిదే. అప్పటికప్పుడు కాక, తర్వాత తలుచుకున్నప్పుడు తెలుస్తుంది. రాతిపని చేసేవాళ్ళు గోడలోకి పోయే రాయి వెనక తమ గుర్తు చెక్కుతారట, ఎప్పుడో వందల ఏళ్ళ తర్వాత ఎవరైనా చూస్తారని. చెత్త సేకరించేవాళ్ళు తెచ్చినదంతా రీసైక్లింగ్‌కు వెళ్ళే క్షణం గురించి చెప్పారు. ఇక యాజమాన్యం సంగతి. మీ పనికి అర్థం ఎవరు తెచ్చారని అడిగితే దాదాపు ఎవరూ పైఅధికారి పేరు చెప్పలేదు. ఎవరు చెడగొట్టారని అడిగితే మొదట వచ్చింది ఆ పేరే. అన్యాయంగా చూడటం, మాట వినకపోవడం, పనికిమాలిన పనులు అంటగట్టడం, నమ్మిన విలువలకు అడ్డుగా నిలవడం. అర్థాన్ని పైవాళ్ళు తయారుచేసి ఇవ్వలేరు, తీసేయగలరు.

డేవిడ్ గ్రేబర్ వాదాన్ని ఈ వెలుగులోనే చూడాలి. 2013లో ఒక వ్యాసంతో మొదలుపెట్టి 2018లో పుస్తకంగా విస్తరించిన ఆయన వాదం, చేసేవాళ్ళకే వృథా అని తెలిసిన ఉద్యోగాలు లోకంలో కుప్పలుగా ఉన్నాయని. 2015లో బ్రిటన్‌లో జరిగిన ఒక సర్వేలో 37 శాతం మంది తమ పని వల్ల లోకానికి చెప్పుకోదగ్గ మేలేమీ లేదనడం ఆయనకు బలమిచ్చింది. అయితే యూరప్ దేశాల కార్మికుల మీద జరిగే పెద్ద సర్వేను తిరగేసిన మాగ్డలీనా సోఫియా బృందం, 2015లో తమ పని పనికిరానిదనుకునేవాళ్ళు 5 శాతం లోపేనని తేల్చింది. ప్రశ్న అడిగే తీరులో తేడా ఉంది కాబట్టి రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చలేం. ఆ బృందం చెప్పిన ముఖ్యమైన సంగతి వేరే: పనికిరానిదన్న భావన ఎక్కువగా వచ్చేది చెడ్డ పర్యవేక్షణ, గౌరవం లేకపోవడం ఉన్నచోట. పారిశుధ్యం వంటి అవసరమైన పనుల్లో ఉన్నవాళ్ళు కూడా కొందరు తమ పని వృథా అన్నారు. మనిషిని పురుగులా చూస్తే ఎంత గొప్ప పనైనా చేదవుతుంది. గ్రేబర్ పుస్తకం చదివి ఊగిపోయినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఈ విషయంలో మాత్రం సోఫియా బృందమే సరైనదని ఇప్పుడు నా అభిప్రాయం.

ఇక డబ్బు. జీతానికీ ఉద్యోగ సంతృప్తికీ సంబంధం మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి తిమోతీ జడ్జ్ బృందం 2010లో లెక్కవేస్తే, సహసంబంధం సుమారు 0.15 వచ్చింది. చాలా తక్కువ. దీన్ని పట్టుకుని జీతం ముఖ్యం కాదనేవాళ్ళున్నారు. ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం నెల గడిచే జీతాలున్న సమాజాల్లోవి. పది వేలకూ ఇరవై వేలకూ మధ్య తేడా అంటే ఏమిటో అవి చెప్పవు.

అర్థం పేరు చెప్పి జీతం కోసే ప్రమాదాన్ని చూపిన అధ్యయనాలు అందుకే ముఖ్యం. 2009లో స్టువర్ట్ బండర్సన్, జెఫ్రీ థాంప్సన్ అమెరికా, కెనడా జంతుప్రదర్శనశాలల్లో పనిచేసేవాళ్ళను అధ్యయనం చేశారు. చాలామంది డిగ్రీలు చదివినవాళ్ళు. జీతాలు మాత్రం తక్కువ. పుట్టిందే ఈ పని కోసమని నమ్మినవాళ్ళకు అర్థం ఎక్కువ దొరికింది, వాళ్ళే ఎక్కువ త్యాగమూ చేశారు: తక్కువ జీతం, వేళాపాళా లేని పని. 2019లో జే కిమ్, ఆరన్ కే, మరికొందరి ప్రయోగాల్లో ఇంకా చేదు నిజం బయటపడింది. పని మీద ప్రేమ ఉన్నవాడి చేత జీతం లేకుండా అదనపు చాకిరీ చేయించుకోవడం అంత తప్పు కాదని చూసేవాళ్ళు భావిస్తున్నారు. ఇష్టంతోనే చేస్తాడుగా అని.

దీనికి మన దగ్గర ఉదాహరణ కోసం ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో మొదలైన ఆశా వ్యవస్థలో ఇప్పుడు దాదాపు పది లక్షల మంది మహిళలున్నారు. గర్భిణుల నమోదు, కాన్పుకు ఆసుపత్రికి తోడు వెళ్ళడం, టీకాలు, క్షయ మందులు, ఇంటింటి సర్వేలు, కోవిడ్ కాలంలో గడప గడపకూ తిరగడం వాళ్ళ పనే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళకు ప్రపంచ ఆరోగ్య నాయకుల పురస్కారం ఇచ్చింది. ప్రభుత్వం దృష్టిలో మాత్రం వాళ్ళు స్వచ్ఛంద కార్యకర్తలు. వచ్చేది పనిని బట్టి ప్రోత్సాహకం. ఆంధ్రప్రదేశ్ 2019లో దాన్ని నెలకు 10,000 చేసింది. తెలంగాణలో 18,000 స్థిర వేతనం కోసం ఇంకా రోడ్డెక్కుతున్నారు. అంగన్‌వాడీలదీ ఇదే కథ. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో టీచర్లు, ఆయాలు సమ్మెకు దిగారు. 11,500 తీసుకునే టీచరు 26,000 అడిగింది. ప్రభుత్వం అత్యవసర సేవల చట్టం ప్రయోగించింది. సేవ అంత అత్యవసరమైనదైతే దానికి జీతం ఎందుకు లేదన్న ప్రశ్నకు ఆ 42 రోజుల సమ్మెలో ఎవరూ జవాబు చెప్పలేదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీలకు గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పడం ఈ దారిలో పెద్ద అడుగు. తల్లి ప్రేమ, సేవాభావం, పుణ్యం అన్న మాటలతో ఇన్నాళ్ళూ ఆడవాళ్ళ కూలి ఎగ్గొట్టాం. అర్థం జీతానికి ప్రత్యామ్నాయం కాదు. జీతంతో పాటు అడగాల్సినది.

ఎంచుకునే అవకాశం ఉన్నవాళ్ళకు ఈ పరిశోధన ఏమైనా దారి చూపుతుందా? కొంతవరకు చూపుతుంది. నీ ఇష్టం ఏమిటో కనిపెట్టి దాన్నే పట్టుకో అన్న సలహా బలహీనమైనది. పాల్ ఓకీఫ్, కరోల్ డ్వెక్, గ్రెగరీ వాల్టన్ 2018లో చూపినట్టు, ఇష్టం ఎక్కడో ముందే తయారై ఉంటుందని నమ్మేవాళ్ళు కష్టం ఎదురవగానే ఇది నాది కాదని వదిలేస్తారు. చేస్తూ పోతే ఇష్టం పెరుగుతుందనుకునేవాళ్ళు నిలబడతారు. పదిహేనేళ్ళకే ఎంపీసీనా బైపీసీనా అని తేల్చేసే మన పద్ధతిలో ఏ ఇష్టమైనా పెరిగే సమయమెక్కడ? ఆక్స్‌ఫర్డ్‌లో 2011లో మొదలైన ‘80,000 అవర్స్’ సంస్థ మరో దారి పట్టింది. వారానికి 40 గంటలు, ఏడాదికి 50 వారాలు, 40 ఏళ్ళు: మొత్తం 80,000 గంటలు, వాటిని ఏ సమస్య మీద పెడితే లోకానికి ఎక్కువ మేలు అని లెక్కవేయమంటుంది. నేను రాకపోతే ఈ పని ఎలాగూ ఇంకొకరు చేసేవారా అన్న వాళ్ళ ప్రశ్న చాలా విలువైనది. నగరంలోని కార్పొరేట్ ఆసుపత్రిలో ఇరవయ్యో స్పెషలిస్టుగా చేరే డాక్టరుకూ, పాడేరు ఏజెన్సీలో ఖాళీగా ఉన్న పోస్టులో చేరే డాక్టరుకూ తేడా ఆ ఒక్క ప్రశ్నలో తేలిపోతుంది. అయితే ఆ లెక్కలు పేరున్న విశ్వవిద్యాలయాల పట్టభద్రుల కోసం వేసినవి. 2023-24 కార్మిక సర్వే ప్రకారం మన దేశంలో పనిచేసేవాళ్ళలో నెలజీతం మీద ఉన్నది 21.7 శాతమే. 58.4 శాతం సొంత పనుల్లో ఉన్నారు, మిగతావాళ్ళు రోజుకూలీలు.

ఉద్యోగం మారాలనుకునే యువతకు నేను చెప్పేది ఇంటర్వ్యూకన్నా ముందు ఆ పనిలో నాలుగైదేళ్ళుగా ఉన్నవాళ్ళను కలవమని. కంపెనీ ఎలా ఉందని అడిగితే బావుందంటారు. మొన్న మంగళవారం పొద్దుట్నుంచి ఏం చేశావని అడగండి. ఆ పని ఎవరికి చేరిందో, నీ మాట ఎవరైనా విన్నారో, తప్పు జరిగితే నీ వెనక ఎవరు నిలబడ్డారో అడగండి. అలాగే పాతికేళ్ళకే ఇరవై ఏళ్ళ ఈఎంఐ తలకెత్తుకునే ముందు ఆగండి. అర్థమున్న పనిని గుర్తుపట్టడం వేరు, దానిలోకి వెళ్ళగలగడం వేరు. రెండోదానికి అడ్డు ఎక్కువగా డబ్బేనని ర్యాన్ డఫీ, బ్లేక్ అలన్ వంటివారి పరిశోధనలు పదేపదే చెబుతున్నాయి. అమెరికాలో హెచ్‌-1బీ మీద ఉన్న తెలుగువాళ్ళకు ఈ కట్టడి ఇంకా గట్టిది. ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికి 60 రోజులే గడువు, గ్రీన్‌కార్డు వరస దశాబ్దాల పొడవు. అక్కడ నచ్చని పనిలో ఏళ్ళ తరబడి ఉండిపోయినవాళ్ళను పిరికివాళ్ళనడం అన్యాయం.

ఇంత చదివాక నాకు వెలితిగా తోచేది ఒకటుంది. ఈ పరిశోధనలో పేరున్నది చాలావరకు ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, అమెరికా, యూరప్‌లలో జరిగింది. నాట్లేసే ఆడకూలీల ముఠా తన పనిని ఎలా చూస్తుందో, బైకు మీద భోజనం మోసే కుర్రాడికి రోజులో ఏ క్షణం గర్వంగా ఉంటుందో, మగ్గం మానేసి వాచ్‌మన్‌గా చేరినవాడు ఏం పోగొట్టుకున్నాననుకుంటాడో ఈ పత్రాల్లో దొరకదు. నీతి ఆయోగ్ 2022 నివేదిక 2020-21లో దేశంలో 77 లక్షల మంది గిగ్ కార్మికులున్నారని, 2029-30కల్లా 2.35 కోట్లవుతారని అంచనా కట్టింది. వాళ్ళు ఎంతమందో లెక్కపెట్టిన ప్రభుత్వమే వాళ్ళ పని వాళ్ళకెలా ఉందో కూడా అడగవచ్చు. యూరప్ సర్వేలో ఆ ప్రశ్న ఉంది: మీరు చేస్తున్నది ఉపయోగపడే పని అనిపిస్తుందా అని. 2017 నుంచి నడుస్తున్న మన కార్మిక సర్వేలో కూలి ఎంత, ఎన్ని గంటలు, రాతపూర్వక ఒప్పందం ఉందా, జీతంతో సెలవుందా అని అడుగుతారు. ఆ ఫారంలో ఈ ప్రశ్నా చేర్చాలి, పక్కనే మరొకటి, మీ పని గురించి పైవాళ్ళు మీ మాట వింటారా అని. మొదటి విడతగా రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆశాలను, పారిశుధ్య కార్మికులను, నేతవాళ్ళను, ఐటీ ఉద్యోగులను ఒకే ప్రశ్నపత్రంతో అడిగి, జీతాల పట్టిక పక్కనే ఆ జవాబులూ అచ్చువేయాలి.